సంపాదకుని మాట: పాట వెనుక చేతివాటం

స్టూడియోలో పిలిచిన పాటకల్లా డ్రమ్స్ వాయించే కళాకారులకు సొంత ముద్ర ఉండదనీ, అడిగింది వాయించి వెళ్లిపోతారనీ చాలామంది అనుకుంటారు. అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ జీవితం ఆ మాటను నిలవనివ్వదు. అరీతా ఫ్రాంక్లిన్ ‘రాక్ స్టెడీ’ (1971)కీ, స్టీలీ డాన్ ‘హోమ్ ఎట్ లాస్ట్’ (1977)కీ వాయించింది ఆయనే. బాణీలు వేరు, చెయ్యి ఒకటే. ‘పర్డీ షఫుల్’గా పేరుపడ్డ నడక తిశ్రగతిలో సాగుతుంది. మూడింట మొదటి దెబ్బ, చివరి దెబ్బ హై-హ్యాట్ తాళాల మీద పడతాయి. నడిమిది స్నేర్ డ్రమ్ మీద వినీ వినపడనంత మెత్తగా పడుతుంది. టోటో బృందం ‘రొజానా’ (1982)కు జెఫ్ పొర్కారో కట్టిన నడకకు ఇదీ ఒక ఆధారం.

ఇతరుల పాటకు వాయించేవారు ఆ పాటకు లోబడాలి కదా అని అడగవచ్చు. లోబడాలి, నిజమే. కానీ ఎక్కడ తగ్గాలో, ఎంత తగ్గాలో నిర్ణయించేది వాయించే చెయ్యే. ముద్ర పడేదీ అక్కడే. ఆ మోతాదు స్వరలిపిలో పూర్తిగా పట్టుబడదు, ఎదురుగా కూర్చుని నేర్చుకోవలసిందే. పర్డీ న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో పాఠాలు చెప్పడాన్ని విశ్రాంతి వ్యాపకంగా కాక, వాయించడానికి కొనసాగింపుగా చూడాలి. పాటతోపాటు వాయించినవారి పేరూ అచ్చు కావాలని, వారి విద్య తరగతి గదికి చేరాలని ఈ సంచిక గట్టిగా కోరుతోంది.

— సంపాదకుడు