మనిషే వెళ్ళాలా? అంకె వెళితే చాలదా?

మడిలో నీరు ఎక్కువైతే పైరు కుళ్ళుతుంది, తక్కువైతే ఎండుతుంది. రైతుబిడ్డలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందూ అలాంటిదే. ఎక్కువైతే చిగుళ్ళలోంచో, పేగుల్లోంచో, ఒక్కోసారి మెదడులోనో రక్తస్రావం. తక్కువైతే గుండెలో గడ్డకట్టి పక్షవాతం. మధ్యనున్న గట్టు చాలా సన్నం. ఆ గట్టు మీదే జీవితాంతం నడవవలసిన వాళ్ళు మన పల్లెల్లో వున్నారు.

ఎవరు వీళ్ళు? చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్ళవాపులతో వచ్చిన రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తే, లోహపు కవాటం వేయించుకున్నవాళ్ళు. ఈ జబ్బు ఎక్కువగా పేదల ఇళ్ళనే వెతుక్కుంటుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ మనదేశంలోనే కవాటం తయారుచేసి, 1990లో మొదటిసారి రోగికి అమర్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ బీదవాడికీ అందింది. సంతోషమే! కాని ఆపరేషన్ ఒక్కరోజు పని, మాత్ర బ్రతికున్నన్నాళ్ళ పని. ఆ రెండో పనిని ఎవరు చూస్తున్నారు?

తమాషా ఏమిటంటే, ఈ మందు కథ మొదలైంది పశువుల కొట్టంలోనే. 1920 ప్రాంతాల్లో ఉత్తర అమెరికాలో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావం ఆగక చచ్చిపోయేవి. 1933లో ఒక రైతు గడ్డకట్టని రక్తాన్ని క్యానులో పోసుకుని, మంచులో పడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి తెచ్చాడు. కార్ల్ లింక్ బృందం ఏళ్ళ తరబడి శ్రమించి దాని గుట్టు విప్పింది. అందులోంచి పుట్టిన వార్‌ఫరిన్ 1948లో ఎలుకల మందుగాను, 1954లో మనుషుల మందుగాను వచ్చింది. రైతు మోసుకొచ్చిన ప్రశ్నకు సైన్సు చెప్పిన జవాబిది. మరి ఆ జవాబు రైతు గుమ్మానికి తిరిగి రావద్దా?

మోతాదు తేల్చేది ఐ.ఎన్.ఆర్. అనే ఒక అంకె. మామూలు మనిషికి అది 1 దగ్గర వుంటుంది. ఈ మందు వాడే చాలామందికి 2–3 మధ్య, మిట్రల్ స్థానంలో లోహపు కవాటం వున్నవాళ్ళకు సాధారణంగా 2.5–3.5 మధ్య వుండాలి. తోటకూర, మునగాకు ఒక వారం దండిగా తిని మరో వారం మానేస్తే అంకె మారిపోతుంది. జ్వరానికో, నొప్పులకో ఊళ్ళో తీసుకున్న మాత్ర కూడా ముప్పు తేగలదు. అందుకే పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించాలి. పరీక్ష అక్కరలేని కొత్త మందులు వచ్చాయి గదా అంటారేమో! లోహపు కవాటాలకు అవి పనికిరావు. డాబిగాట్రాన్‌తో చేసిన ప్రయోగాన్ని గడ్డలూ, రక్తస్రావాలూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ ఫలితాలు ప్రచురించారు.

ఇక మన మనిషి సంగతి చూడండి. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, పట్నంలో వరసలో నిలబడి రక్తమిచ్చి, సాయంత్రానికి "అర మాత్ర తగ్గించు" అన్న ఒక్కమాట పట్టుకుని ఇంటికి రావాలి! నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఎవరు వెళతారు? వచ్చే నెల చూద్దాంలే అనుకుంటారు. ముప్పు ఆ నెలలోనే వుంది.

వేలికొన నుంచి ఒక చుక్క తీసి, నిమిషాల్లో ఆ అంకె చెప్పే చిన్న మీటర్లు వున్నాయి. ఫోను దాదాపు ప్రతి ఇంట్లోనూ వుంది. ఫోనులో వైద్యం చేయడానికి 2020 మార్చిలో కేంద్రం నియమాలు కూడా ఇచ్చింది. మరి మనిషి ఎందుకు వెళ్ళాలి? అంకెను పంపితే చాలదా?

నాడి పట్టకుండా వైద్యమేమిటని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఇక్కడ మోతాదు మార్చడానికి కావలసింది ఆ అంకె, నాలుగు ప్రశ్నలు. మాత్ర మానావా? కొత్త మందు వేసుకున్నావా? ఎక్కడైనా రక్తం పడుతోందా? మలం నల్లగా వస్తోందా? ఇవి ఫోనులో అడగవచ్చు. రక్తం ఆగకపోయినా, మూతి వంకర పోయినా, తలకు దెబ్బ తగిలినా మాత్రం ఫోను పట్టుకు కూర్చోకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకొక మాట. పరీక్ష లేని ఫోను వైద్యం గుడ్డివాడి బాణమే. ఇంటి దగ్గర పరీక్షించుకునేవాళ్ళలో గడ్డలు తగ్గాయనీ, పెద్ద రక్తస్రావాలు మాత్రం తగ్గలేదనీ 2016 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. కనుక ఇది మంత్రదండం కాదు, మంచి పనిముట్టు. పనిముట్టుకు పట్టుకునే చెయ్యి కావాలి.

అందుకని నేను కోరేవి మూడే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక మీటరు, దానికి తెగిపోకుండా స్ట్రిప్పులు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో డాక్టరు కింద శిక్షణ పొందిన ఒక నర్సు. రోగి ఫోను చేయకపోతే ఆమే చేయాలి. మూడోది, తెలుగులో ఒక పుస్తకం. అందులో తేదీ, అంకె, మాత్ర పేరు, మోతాదు వుండాలి. వార్‌ఫరిన్, అసినోకౌమరాల్ రెండూ మన దుకాణాల్లో దొరుకుతాయి గాని, ఒకదాని మిల్లీగ్రాములు మరొకదానికి సరిపోవు. అందుకే చెప్పిన మోతాదును రోగి చేత తిరిగి చెప్పించుకోవాలి.

మిత్రులారా! ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. ఈ సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఈ మాత్ర మింగేవాళ్ళెవరో కనుక్కుని, ఆఖరి పరీక్ష ఎప్పుడైందో అడగండి. మోతాదు చెప్పడం మన పని కాదు. తేదీ దాటిందని గుర్తుచేసి, డాక్టరుకు ఫోను కలిపిస్తే చాలు. సైన్సు చదువుకుంటున్నందుకు ఆ మాత్రం చేయలేమా?