సోయా గింజ... కణాల జల్లెడ

తొలకరి పడగానే కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు రైతులు సోయా విత్తుతారు. గింజ నూనెకి, పిండి కోళ్ల దాణాకి పోతుంది. అదే గింజలోని ఓ ప్రొటీను పసిపిల్లల ప్రాణాలు నిలబెట్టిందని ఎందరికి తెలుసు?

గింజల్లో లెక్టిన్లనే ప్రొటీన్లుంటాయి. మన కణాల ఒంటిమీదేమో రకరకాల చక్కెర గొలుసులుంటాయి. (కామారెడ్డి బెల్లంలోని చక్కెర కాదు లెండి!) ఒక్కో లెక్టిన్ తనకు సరిపడే చక్కెరనే పట్టుకుంటుంది. ఒకేసారి రెండు మూడు కణాలను పట్టేస్తుంది కాబట్టి అవి గుంపుకట్టి అడుక్కి దిగుతాయి. మిగతావి పైనే ఉండిపోతాయి. బ్లడ్ బ్యాంకుల్లో ఎ1, ఎ2 రక్తాలను విడదీసి చూపేది మన ఉలవల లెక్టినే.

1960లో అమెరికాలో పీటర్ నోవెల్ మరో వింత చూశాడు. రాజ్మా లెక్టిన్ తగిలితే తెల్ల రక్తకణాలు విభజన మొదలుపెడుతున్నాయి! క్రోమోజోముల పరీక్షలకు ఇప్పటికీ అదే వాడతారు. (రాజ్మాను నానబెట్టి బాగా ఉడికించమనేదీ ఈ లెక్టిన్ వల్లే.) 1976లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో నాథన్ షారన్, యైర్ రైస్నర్ బృందం ఎలుక థైమస్ గ్రంథి కణాలకు పల్లీల లెక్టిన్ కలిపింది. అది లేత కణాలను పట్టుకుని, ముదిరినవాటిని వదిలేసింది.

అసలు కథ సోయాది. కొందరు పిల్లలు రోగనిరోధక శక్తి లేకుండానే పుడతారు. వాళ్లకి మూలుగ మార్పిడే దారి. సరిపోలే తోబుట్టువు లేకపోతే అమ్మో నాన్నో ఇవ్వాలి. వాళ్లది సగమే సరిపోలుతుంది. అందులోని ముదురు టి కణాలు బిడ్డ ఒంటినే శత్రువనుకుని దాడిచేస్తాయి. సోయా లెక్టిన్ కలిపితే ముదురు కణాల్లో చాలావరకు గుంపుకట్టి దిగిపోతాయి. కావలసిన మూలకణాలు పైన మిగులుతాయి. ఇంకా దాక్కున్న టి కణాలను గొర్రె ఎర్ర రక్తకణాలతో లాగేస్తారు. అంటుకున్న లెక్టిన్‌ను వదిలించడానికి గెలాక్టోజ్ చాలు. పాల చక్కెరలో సగం అదే! ఈ పద్ధతిలో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వైద్యులు తల్లిదండ్రుల మూలుగనే ఎక్కించగలిగారు. లుకేమియా రోగులపై ఆ ఫలితాలు 1981లో వెలువడ్డాయి. రోగనిరోధక శక్తి లేని పసివాళ్ల వంతు ఆ వెంటనే వచ్చింది.

తర్వాత యాంటీబాడీలు, అయస్కాంతపు పూసలు వచ్చి ఆ పనిని చాలావరకు తీసుకున్నాయి. అయినా లెక్టిన్ల మీద ఆసక్తి తగ్గలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం.జె.స్వామి బృందం పరిశోధించిన లెక్టిన్లలో ఒకటి ఎక్కడిదో తెలుసా? మనం కూరకు తరిగేటప్పుడు తీసి పారేసే పొట్లకాయ గింజల్లోది!