అపెండిక్స్ నొప్పి: వార్డులో నర్సు ఏం చూస్తారు, మీరేం అడగాలి?

బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగిందా? వాంతులు, జ్వరం తోడయ్యాయా? అపెండిసైటిస్ కావచ్చు. విరేచనాల మందు వేయొద్దు, వేడి కాపడం పెట్టొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ అనుకుంటే అప్పటిదాకా నోటితో ఏమీ ఇవ్వరు. సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించడం, నాడి, జ్వరం, బీపీ పదే పదే చూడటం నర్సు పని. నొప్పి ఉన్నట్టుండి తగ్గితే ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ అపెండిక్స్ పగిలినప్పుడూ కాసేపు అలాగే ఉండొచ్చు. ఆ తేడాను ముందుగా పట్టుకోవాల్సింది నర్సే.

చిక్కంతా ఇక్కడే. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం సాధారణ ఆసుపత్రుల్లో 5 పడకలకు ఒక నర్సు ఉండాలి. మూడు షిఫ్టులకు పంచితే, 30 పడకల వార్డులో ఒక్కో షిఫ్టుకు వచ్చేది ఇద్దరే. ఒకరు సెలవులో ఉండి బదులు రాకపోతే అందరినీ చూసేది ఒక్కరే.

కాబట్టి నొప్పి తీరు మారినా, కడుపు గట్టిపడినా, జ్వరం పెరిగినా డాక్టర్ రౌండ్స్ దాకా ఆగొద్దు, వెంటనే నర్సుకు చెప్పండి. ఆపరేషన్ తర్వాత మంచినీళ్లు ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు నడిపించాలి అని అడగండి. కుట్ల దగ్గర ఎరుపెక్కినా, చీము పట్టినా ఎక్కడికి రావాలో డిశ్చార్జి రోజే రాయించుకోండి.