గ్రీన్‌లాండ్ బేరం: ఆ జాగల ఉన్నోళ్లను అడిగిండ్రా?

గ్రీన్‌లాండ్‌ను కొంటమని ట్రంప్ అంటే మనోళ్లు చానామంది మీమ్స్ చేసుకుంట నవ్విండ్రు. దేశాన్ని ఎవడన్న కొంటడా అని. కొంటరు తమ్మీ. అమెరికా మ్యాపుల పెద్ద పెద్ద ముక్కలు గట్ల కొన్నయే. 1803ల ఫ్రాన్స్ కాడ లూసియానా, 1867ల రష్యా కాడ అలాస్కా, 1917ల డెన్మార్క్ కాడ వర్జిన్ దీవులు.

అలాస్కా ముచ్చట జెర వివరంగ సూడాలె. ధర 72 లక్షల డాలర్లు. ఎకరానికి 2 సెంట్ల లెక్క, అంటే డాలర్‌ల యాభయ్యో వంతు. క్రిమియా యుద్ధంతోని రష్యా ఖజానా వట్టిపోయింది. అంత దూరం జాగను రేపు బ్రిటన్ గుంజుకుంటే ఆపలేమని భయం. గందుకే అమ్మింది. బేరం చేసిన అమెరికా మంత్రి సీవార్డ్‌ను అప్పట్ల ఎక్కిరించిండ్రు. తర్వాత బంగారం దొరికింది, 1968ల ప్రుడో బే కాడ చమురు దొరికింది. ఇగ ఇప్పుడు అది తెలివైన బేరమని పాఠం చెప్తరు.

కని ఆ జాగల వేల ఏండ్ల సంది బతికిన ట్లింగిట్, యూపిక్, ఇనూపియాట్ జనాన్ని ఎవలూ అడగలే. ఒప్పందం కాయిదంలనే ఆళ్లను నాగరికత లేని తెగలని రాసి పౌరసత్వం నుంచి పక్కకు వెట్టిండ్రు. పౌరసత్వం 1924 దాక రాలే. భూమి లెక్క 1971ల తేలింది. అది గూడ చమురు పైపులైను వేయాలంటే భూమి ఎవలదో తేల్చక తప్పలే గనక. 104 ఏండ్లు పట్టింది.

ఇగ గ్రీన్‌లాండ్. మన దేశంల మూడింట రెండొంతులంత జాగ, జనం మాత్రం 57 వేల దగ్గర, మన ఒక మండలమంత. 1946లనే ట్రూమన్ సర్కారు 10 కోట్ల డాలర్ల బంగారం ఇస్తనన్నది. డెన్మార్క్ అమ్మలే. కని 1951 ఒప్పందంతోని అమెరికా సైన్యానికి జాగ ఇచ్చింది. 1953ల తూలే స్థావరం కోసం వందమందికి పైన ఇన్యూట్ జనాన్ని కొద్ది రోజులల్ల ఖాళీ చేయించి ఉత్తరానికి తోలిండ్రు. 1999ల డెన్మార్క్ క్షమాపణ చెప్పింది. ఊరు మాత్రం తిరిగి రాలే. అంటే అడగకుండ చేసుడు ఇద్దరికీ అలవాటే.

ఇప్పుడు ట్రంప్ చెప్పే కారణం భద్రత. ఆ స్థావరం ఇయ్యాల్టికి గూడ అమెరికా చేతులనే ఉన్నది. ఇంకా సైన్యం తేవాలన్నా ఆ 1951 ఒప్పందం తొవ్వ సూపుతది. మరి సొంతం చేసుకుంటే కొత్తగ వచ్చేదేంది? నా లెక్కల, కాదనే గొంతును తీసేసే హక్కు. 2021ల గ్రీన్‌లాండ్ పార్లమెంటు యురేనియం తవ్వకాన్ని అడ్డుకునే చట్టం చేసింది. దాంతోని క్వానెఫెల్డ్ గుట్ట కాడ అరుదైన ఖనిజాల ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ ఖనిజం మీదనే పెద్ద దేశాల కన్ను. జాగ చేతికొస్తే గసొంటి చట్టం ఎవలు చేస్తరు?

1867కు, ఇప్పటికి ఒక తేడా ఉన్నది. 2009 స్వపరిపాలన చట్టం గ్రీన్‌లాండ్ జనాన్ని ఒక జాతిగ గుర్తించింది. స్వాతంత్ర్యం కావాల్నా వద్దా అన్నది ఆళ్లే తేల్చుకోవాలె. 2025 జనవరి సర్వేల 85 శాతం మంది అమెరికాల కలువమన్నరు. మార్చిల ఎన్నికలైనంక ఐదు పార్టీలల్ల నాలుగు కలిసి సర్కారు పెట్టినయి.

ఇంకో మాట. గ్రీన్‌లాండ్‌ల భూమి మీద ఎవలికీ సొంత పట్టా ఉండది. ఇల్లు కట్టుకునే హక్కు ఇస్తరు, ఇల్లు మనదైతది, నేల మాత్రం అందరిది. ఆడ పుట్టినోడే గజం జాగ అమ్మలేడు. కోపెన్‌హాగెన్‌ల కూసున్నోడు మొత్తం ఎట్ల అమ్ముతడు?

సాదాబైనామా మీదనన్న అమ్మినోని సంతకం ఉంటది. రేపు ఏ సరిహద్దు జాగ బేరం వార్తొచ్చినా ధర తర్వాత సూడుండ్రి. ముందుగాల ఆ నేల మీద పండుకునేటోని సంతకం ఉన్నదా సూడుండ్రి. లేకుంటే అది కొనుడు కాదు, గుంజుకునుడు.