జటామాంసి

తలనూనె కాచుకొను నాడు మెంతులు, ఉసిరిక పెచ్చులు, వట్టివేళ్లు, కచ్చూరములతో పాటు జటామాంసి కూడ అంగడినుండి తెప్పించుట మన యిండ్లలో వాడుక. వెండ్రుకల కుచ్చువలె నుండు ఆ వస్తువును చేత పట్టనివారు అరుదు. దాని పువ్వును చూచిన సోదరీమణులు మనలో నెందఱు? ఈ మాసము ఆ పువ్వును గూర్చి వ్రాయ దలచితిమి.

హిమాలయములలో చెట్లు పెరుగుట మానిన యెత్తునకు పైన పచ్చిక బయళ్లు కలవు. ఉత్తరాఖండము, నేపాళము, సిక్కిము, భూటానములలో సుమారు 3,000 మొదలు 5,000 మీటర్ల యెత్తున ఈ మొక్క యుండును. మంచు కరగి వానలు వచ్చినప్పుడు జేన మొదలు మూర వఱకు పెరిగి, కొమ్మ చివర గులాబివన్నె చిన్న పువ్వులను గుత్తులుగా పూయును. చలి ముదురగానే ఆకులును కాడలును ఎండిపోవును. దుంపవేరు మాత్రము నేలలో బ్రదికి మఱుసటి యేడు చిగిర్చును. ఎండిన తొడిమల నారలు రాలిపోక, ఆ వేరునే చుట్టుకొని ఏటేట పేరుకొనును. మనము జడలని తలచునవి ఇవియే. మన పూర్వులు దీనికి ‘తపస్విని’ యని మఱియొక పేరు పెట్టిరి. చలికొండపై జడలు దాల్చి కూర్చున్నదానికి ఇంతకంటె తగిన పేరు మాకు తోచుట లేదు.

దీని పరిమళము పూర్వమే సముద్రములు దాటినది. బేతనియ గ్రామమున మరియ యను స్త్రీ క్రీస్తు పాదములకు పూసిన అత్తరు దీనిదే యని పెద్దల యభిప్రాయము. తెలుగు బైబిలులోను జటామాంసి యనియే యున్నది. దాని వెల మున్నూఱు దేనారములట! కూలివాని దినవేతనము ఒక దేనారము కాగా, అది ఇంచుమించు ఏడాది కష్టార్జితము.

గోరింటాకు దూసిన కొమ్మ మఱల చిగిర్చును. మల్లెలు కోసిన తీగ మఱల పూయును. జటామాంసి యట్లు కాదు. మనకు కావలసినది దాని వేరు. పెఱికిన మొక్క అంతటితో సరి. చలిసీమ యగుటచే క్రొత్త మొక్క యెదుగుటయు మిక్కిలి మందము. అందుచేత 1997లో దేశముల నడుమ దీని వ్యాపారమును అదుపున నుంచు ఒడంబడికలో దీనిని చేర్చిరి. 2015లో ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘమువారు దీనిని నశించు ప్రమాదము అత్యధికముగా గల జాతులలో నుంచిరి.

పెఱుకువారిని నిందించుట సులభము. నేపాళమున జుమ్లా, హుమ్లా వంటి కొండ జిల్లాలలో పొలము పంట ఏడాది పొడవున చాలని కుటుంబములు పెక్కు. ఉప్పునకు, బట్టకు మూలికలమ్మిన పైకమే వారికి దిక్కు. వేళ్లు త్రవ్వువారిలో స్త్రీలును పిల్లలును కలరు. తాము విడిచినది మఱునాడు ఇతరులు పెఱుకుదురను భయమున గింజ రాలకముందే త్రవ్వుటయు కలదు. విత్తులు రాలిన పిదప, దుంపలో కొంత నేలలో విడిచి త్రవ్వినచో మొక్క నిలుచును. తలనూనెకై ఒక జాతి నశించుట మాకు సమ్మతము కాదు. అట్లని ఆ తల్లుల నోటికాడి కూడు తీయునట్లు ‘అసలే కొనవల’దని చెప్పుటకును నోరాడదు.

కావున కొలది వాడుడు. పిడికెడు వేసి కుతకుత మరిగించువారిని ఎఱుగుదుము. అది ఉభయ నష్టము. దీని పరిమళము ఆవిరితో పోవు స్వభావము గలది. కాచిన నూనె దింపి, గోరువెచ్చన యైన పిమ్మట, పొడిగా నున్న వేరును నలుగగొట్టి చిటికెడు వేసి, మూతపెట్టి నాలుగు దినములుంచి వడకట్టుడు. సువాసన కంతియే చాలును. నిద్రపట్టుటకు లోనికి పుచ్చుకొన దలచినవారు వైద్యుని అడుగక తాకరాదు.

పొడి కొనకుడు, వేరుగానే కొనుడు. భూతకేశి యను వేఱొక కొండమొక్క వేరును దీనితో కలిపి యమ్ముట కలదు. నిజమైన జటామాంసి నారలు ఎఱుపు కలసిన గోధుమవన్నెతో దట్టముగ నుండును. విఱిచినంతనే ఘాటైన వాసన కొట్టును, నాలుకకు చేదు. కొండపై మళ్లలో దీనిని పెంచు ప్రయత్నములును జరుగుచున్నవి. అట్టి సరకు కలదా యని కూడ అంగడివానిని అడిగి చూడుడు.