విగ్రహమునకు దండ, వారసునకు దరఖాస్తు

ప్రతి సంవత్సరము జూలై 4వ తేదీన మన విశాఖపట్టణమున పూలదండలకు కొరత యుండదు. అల్లూరి సీతారామరాజు విగ్రహమున్న ప్రతి కూడలియందును సభ జరుగును. ప్రతి సభయందును ఒకే యుపన్యాసము వినబడును. ఆయన యోగి, ఆయనకు తుపాకిగుండు తగులదు, ఆయన యొక్కడే నిలిచి సామ్రాజ్యమును గడగడలాడించెను. చప్పట్లు మ్రోగును, సభ ముగియును. మే 7వ తేదీన వర్ధంతి సభయందును ఇదియే కథ. దీనికి మనము భక్తియని పేరు పెట్టుకొన్నాము. ఇది భక్తి కాదనియు, తీర్పవలసిన ఋణమును దాటవేయు నేర్పరితనమనియు మే మనుచున్నాము.

ఏలనన, మహాపురుషుని దేవునిగా జేసినచో దండతో సరిపోవును. మనుష్యునిగా నిలిపినచో ఆయన యేల తిరుగబడెనని యడుగవలయును. ఆయన వెంట నడచినవా రెవరని యడుగవలయును. వారి మనుమలు నే డెట్లున్నారని యడుగవలయును. ఈ మూడు ప్రశ్నలును మనకు గిట్టవు. కావుననే దైవత్వము గిట్టినది.

మొదటి ప్రశ్నకు సమాధానము చట్టముల పుస్తకములలోనే యున్నది. 1839వ సంవత్సరపు చట్టముతో గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలు సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, ఏజెంటను పేర కలెక్టరు చేతిలో పెట్టబడెను. 1879లో తాటికల్లుపై పన్ను, మన్సబుదారుని దోపిడి సహింపలేక రంప ప్రజలు తిరుగబడిరి. 1882 నాటి మదరాసు అటవీ చట్టము వచ్చి, తాతముత్తాతలనాటి పోడు వ్యవసాయమును నేరముగా మార్చెను. నిన్నటి రైతు నేడు ముద్దాయి యయ్యెను. దీనిపై గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ నర్సీపట్టణమునుండి చింతపల్లివైపు రోడ్డు వేయించుచు, కొండవారిచేత చాలీచాలని కూలికి బలవంతపు చాకిరి చేయించెను. తిరుగుబాటునకు మూలము మంత్రతంత్రములు గావు. పోడు, కూలి, కొరడా: ఇవియే మూలము.

ఇక రెండవ ప్రశ్న. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషనులు వరుసగా పట్టుబడి, తుపాకులు తిరుగుబాటుదారుల వశమయ్యెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటరను ఆంగ్లాధికారు లిద్దరు కూలిరి. ముందు నడచిన దేశీయ పోలీసులను విడిచి, దొరలనే గురిచూచిరని చరిత్ర చెప్పుచున్నది. పోరాటము సుమారు రెండేండ్లు సాగెను. అస్సాము రైఫిల్సు దళము రావలసివచ్చెను. ఇదంతయు ఒక్కని పనియా? కొండదారు లెరిగించిన దెవరు? రాత్రివేళ గంజి పోసిన దెవరు? పోలీసు పటాలము ఊరిపై బడినప్పుడు నోరు మెదపని దెవరు? మునసబుగిరీ గోల్పోయిన గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర, ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు, అగ్గిరాజు: ఈ పేర్లను మన సభలలో నెన్నిమారులు వింటిమి? మల్లుదొర అండమాను కారాగారవాస మనుభవించి, 1952లో మన విశాఖపట్టణము నియోజకవర్గమునుండియే తొలి లోకసభకు ఎన్నికయ్యెను. ఆయన పేర ఈ నగరమున నొక వీధి యెచ్చట నున్నదో చూపుడని పాఠకులను గోరుచున్నాము.

పండితులు కొందరు, అది ఫితూరీయే గాని జాతీయోద్యమము కాదందురు. ఆ మాట సర్కారు రికార్డులలో పుట్టినది. తిరుగుబాటునకు ముందు సీతారామరాజు సహాయనిరాకరణోద్యమ ప్రభావమున గ్రామగ్రామమునకు బోయి కల్లు మానుడనియు, కోర్టులకు బోవక పంచాయితీలలో తగవులు తీర్చుకొనుడనియు బోధించెను. న్యాయవాదులమైన మాకు ఈ రెండవ బోధ చేదుగానే యుండును. ఐనను అది సత్యము. ఆయుధ మార్గము నంగీకరింపని గాంధీమహాత్ముడు సైతము 1929లో తన యంగ్ ఇండియా పత్రికయందు ఆ యువకుని ధైర్యమునకును త్యాగమునకును వందన మర్పించెను. మార్గమును గూర్చి వాదింపవచ్చును. ఉద్దేశమును గూర్చి వాదము లేదు. 1924 మే 7న చేతజిక్కిన ఖైదీని ఏ న్యాయస్థానము నెదుటను నిలుపక, కొయ్యూరులో గుడాల్ కాల్చివేసెను. చట్టమును మనకు నేర్పితిమని చెప్పుకొన్న ప్రభుత్వపు చట్ట మది!

మూడవ ప్రశ్న యన్నిటికంటె కఠినమైనది. అందుకే మౌనమును ఎక్కువ. 2022లో సీతారామరాజు పేర జిల్లా యేర్పడెను. ఆ యేడే జూలై 4న భీమవరమున 30 అడుగుల కంచువిగ్రహ మావిష్కృతమయ్యెను. సంతోషము. కాని ఆయన యే పోడుకై పోరాడెనో ఆ పోడు మాట యేమి? 2006 నాటి అటవీ హక్కుల చట్టము తన పీఠికయందే, అడవిబిడ్డలకు చారిత్రకమైన అన్యాయము జరిగినదని యొప్పుకొన్నది. ఒప్పుకొన్న పిమ్మట జేసిన దేమి? 2005 డిసెంబరు 13 నాటికి భూమి తన స్వాధీనమున నున్నదని రుజువు తెమ్మని గిరిజనునే యాదేశించినది. గ్రామసభ, డివిజను కమిటీ, జిల్లా కమిటీ యని మూడు గడపలు చూపినది. అన్యాయము చేసినది సర్కారు. సాక్ష్యము మోయవలసినది గిరిజనుడు! పెద్దల వాఙ్మూలమును గూడ సాక్ష్యముగా గొనవచ్చునని నిబంధనలలో నున్నది. ఆ నిబంధన గిరిజనునకు జదివి వినిపించువా డెవడు?

కొన్ని యేండ్లక్రిందట నొక కార్యాలయపు వసారాలో చింతపల్లి పైకొండలనుండి వచ్చిన వృద్ధుడొకడు, ప్లాస్టిక్కు సంచిలో పాత రశీదు పట్టుకొని కూర్చుండెను. ఎదుటి గోడపై దండ వేసిన సీతారామరాజు పటము. ఆయన నాతో నన్న మాట: "మా తాత ఈ రాజుకి అంబలి పోసినాడంట బాబూ. ఆ మాటకి కాయితం నేదు. కాయితం నేకపోతే నెక్కకి రాదా?" ఇరువదేండ్లుగా వాదన నేర్చిన నాకు బదులు తోచలేదు.

ఇక బాక్సైటు కథ. షెడ్యూల్డు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనుల కౌళ్లుగా నీయరాదని సుప్రీముకోర్టు సమత కేసులో 1997లో తీర్పు చెప్పెను. ఐనను చింతపల్లి యడవులలో బాక్సైటు త్రవ్వుటకై 2015లో ఉత్తర్వు వెలువడెను. కొండలన్నియు లేచినవి, 2019లో అనుమతులు రద్దయ్యెను. తొలి దాడి జరిగిన చింతపల్లియే యది. ఆ యుత్తర్వు వెలువడిన యేడును విగ్రహములకు దండలు యథావిధిగా పడినవి.

ఉక్కునగరవాసులారా! ఈ మాట మీ యింటి గడపదాక వచ్చుచున్నది. ఉక్కు కర్మాగారమును నడపు నీరు ఏలేరు జలాశయమునుండి కాలువద్వారా వచ్చుచున్నది. ఏలేరు ఆ మన్యపు కొండలనుండి దిగివచ్చిన నది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని గర్జించి 32 మంది ప్రాణము లర్పించిరి. 2021లో కర్మాగారమును ప్రైవేటువారి కప్పగింప నిశ్చయించినప్పుడు మరల అదే కేక వేసితిమి. న్యాయమే. కాని హక్కు అను మాట కొండదిగువన నొక యర్థమును, కొండమీద నింకొక యర్థమును గలదియా? మన హక్కు నినాద మైనప్పుడు, వారి హక్కు దరఖాస్తు యేల కావలయును? 1922లో మన్యము లేచినప్పుడు మైదానము లేవలేదు. ఆ తప్పు మన తాతలది. నేటి తప్పు మనది.

రానున్న జూలై 4న దండలు వలదని మే మనము. ఆ దండతోపాటు మూడు పనులు చేయుడు. ప్రతి సభయందును మన్యవీరుల పేర్లు పేరుపేరున జదువుడు. ప్రతి పఠనమందిరమందును అటవీ హక్కుల చట్టము తెలుగు ప్రతి యొకటి యుంచుడు. న్యాయవాదులు నెలకొక దినము, ఫీజు ముట్టక, కొండయెక్కి దరఖాస్తులు వ్రాసి, తిరస్కరింపబడినవానిపై అప్పీళ్లు వేయుదురుగాక. ఓటడుగ వచ్చినవానిని, నీ పాలనలో ఎన్ని పట్టాలిచ్చితివని యడుగుడు. ఎన్ని విగ్రహములు నిలిపితివని యడుగకుడు.

విగ్రహమునకు ఆకలి లేదు. అంబలి పోసినవాని మనుమనికి గలదు. వాడింకను ఆ వసారాలోనే కూర్చున్నాడు.