రిజిస్టర్లో ఎక్కని పేర్లు

"దేవుడు కావాలా, సర్టిఫికెట్ కావాలా? తేల్చుకోండి" అని దళిత క్రైస్తవుల్ని నిలదీయడం అందరికీ అలవాటైపోయింది. టీవీ చర్చల్లో కూర్చునేవాళ్ల సంగతి సరే, వాళ్ల పనే అది. ఈమధ్య మన పాస్టర్లు కొందరు కూడా అదే మాట అంటున్నారు, కాకపోతే వాక్యం చదివి మరీ అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా బాప్టిస్టు సంఘాల్లో ఆదివారం వచ్చి చాప మీద కూర్చున్నంత మాత్రాన సభ్యులైపోరు. సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి, నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి, పాస్టరుగారు కుడిచేతి సహవాసం ఇవ్వాలి, పేరు రిజిస్టర్లో ఎక్కాలి. అప్పుడే సంఘంలో ఓటు, చివరికి సమాధుల దొడ్డిలో ఆరడుగుల చోటు. ఊళ్లో ఏ లెక్కలోకీ రానివాళ్లకి ఆ పుస్తకంలో పేరుండటం చిన్న విషయం కాదు.

1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువు కూటి కోసం కలిశారని ఇప్పటికీ ఎద్దేవా చేస్తుంటారు. కానీ ఆ అపవాదు వస్తుందనే, మిషనరీ జాన్ క్లౌ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసమే అయితే సాయం ముగిశాక ఎందుకొచ్చినట్టు? దాచుకోకుండా, పట్టపగలు, ఏటి నడుమ నిలబడి కలిశారు వాళ్లు.

వాళ్ల మునిమనవలు ఇవాళ పేరు రాయించుకోవడానికి ఎందుకు జంకుతున్నారు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల. హిందువులు తప్ప ఎవరూ ఎస్సీలు కారంది అది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులకీ ముస్లింలకీ మాత్రం తలుపు తెరవలేదు. ఎస్సీ క్రైస్తవం పుచ్చుకుంటే మన దగ్గర బీసీ-సి, ఒక్క శాతం. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, క్రైస్తవుడయ్యాక ఆ చట్టం రక్షణ వర్తించదంది.

క్రైస్తవంలో కులం లేదట! పెళ్లి సంబంధాల ప్రకటనలు చూడండి, కులం పేరు లేనివి ఎన్నో లెక్కపెట్టండి. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడ్డవాళ్లు బాప్తిస్మం అయిందా అని అడిగి వదిలిపెట్టారా? చచ్చేటప్పుడు మాదిగ, కోర్టు గుమ్మం ఎక్కేసరికి క్రైస్తవుడు. రెడ్డిగారు క్రైస్తవుడైతే మాత్రం ఆయన్ని తేల్చుకోమనేవాడే లేడు. తెల్లారి లేచేసరికి ఆయన రెడ్డిగానే ఉంటాడు, పొలం పొలంగానే ఉంటుంది.

ఇక మన పెద్దలు. మా సంఘంలో ఒకాయన ముప్పై ఏళ్లు ఆరాధన మానలేదు, కానుక మానలేదు. కొడుకు ఉద్యోగానికి ముప్పొస్తుందని బాప్తిస్మం వేరే ఊరి కాలవలో తీసుకున్నాడు, పేరు మాత్రం ఎక్కించలేదు. ఆయన పోయిన రోజు సమాధుల దొడ్డిలో చోటు గురించి పెద్దలు సాయంత్రం దాకా తర్జనభర్జన పడ్డారు, శవాన్ని వాకిట్లో పెట్టి. ముప్పై ఏళ్ల కానుకలు పుచ్చుకునేటప్పుడు మాత్రం ఏ రిజిస్టరూ తెరవలేదు.

ఆ మూడో పేరా మీద ఒక్క ధర్నాకి రాని సంఘం, ఒక్క అర్జీ మీద సంతకం పెట్టని సంఘం, ఈ మనిషిని పిరికివాడనడానికి వీల్లేదు. వచ్చే జనరల్ బాడీలో నేను రెండు అడగబోతున్నాను. పేరు రాయించుకోలేనివాళ్లకి కూడా ప్రభు బల్ల దగ్గరా సమాధుల దొడ్డిలోనూ చోటివ్వాలి. మూడో పేరా తీసెయ్యాలని సంఘం తరఫున తీర్మానం చెయ్యాలి. రెండోదానికి పెద్దలు భయపడతారని తెలుసు. సంఘానికీ ఆస్తులున్నాయి, అనుమతులున్నాయి, పోగొట్టుకునేవి ఉన్నాయి. ఆ పెద్దాయనకీ ఉన్నది ఆ భయమే.